గోడకు బూజు, ఛాతీలో పిల్లికూతలు: తేలిందెంత, తేలనిదెంత

క్లుప్తంగా: చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవారికి దగ్గు, పిల్లికూతలు, శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువనీ, ఉన్న ఉబ్బసం ముదురుతుందనీ గట్టి ఆధారాలున్నాయి. గోడమీది బూజు విషం పీల్చడం వల్ల మతిమరుపు, తీరని నీరసం, నరాల జబ్బులు వస్తాయన్నది మాత్రం రుజువు కాలేదు. ఈ రెండింటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడగడం వల్లే వాదన తెగడం లేదు. చెన్నై ఇళ్ల వరకు చూస్తే, అది ఏ జాతి బూజో తేల్చే పరీక్షల కంటే, నీరు ఎటు నుంచి వస్తోందో కనిపెట్టడానికి పెట్టే డబ్బే అక్కరకొస్తుంది.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే చాలు, వేళచ్చేరి నుంచి షోళింగనల్లూరు దాకా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ఫొటోలు తిరుగుతాయి. బీరువా జరిపితే వెనక నల్లటి మచ్చలు, పిట్టగోడ కింద ఉబ్బి పెచ్చులూడుతున్న పెయింటు, బాత్రూమ్ పక్క గోడకు పసుపు చారలు. వాటి వెంటే రెండు రకాల సలహాలు. ‘ఇది బ్లాక్ మోల్డ్, వెంటనే ఇల్లు మారండి’ అని ఒకరు. ‘వానాకాలంలో ఎవరింట్లో లేదు, ఓ కోటు పెయింటు వేస్తే పోతుంది’ అని ఇంకొకరు. ఇద్దరిదీ తప్పే.

మూడు దారులు, మూడు జవాబులు

బూజు మనిషికి హాని చేసే దారులు మూడు: అలర్జీ, ఇన్‌ఫెక్షన్, విషం. దేని ఆధారాల బలం దానిదే.

అలర్జీ సంగతిలో సందేహం లేదు. ఆస్పర్జిల్లస్ అనే బూజు స్పోర్లు (విత్తనాల్లాంటి కణాలు) 2 నుంచి 3.5 మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లడానికి ఆ సైజు చాలు. విరిగిన బూజు పోగుల ముక్కలు అంతకంటే చిన్నవి. అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఆధారాలన్నీ గుదిగుచ్చి చూసి దాదాపు ఒకే మాట చెప్పాయి: చెమ్మ ఇళ్లకూ దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ముదరడానికీ సంబంధం ఉంది. 2007లో వచ్చిన ఒక ఉమ్మడి విశ్లేషణ ప్రకారం అలాంటి ఇళ్లలో ఈ ఇబ్బందులు 30 నుంచి 50 శాతం ఎక్కువ.

అలర్జీ కోవలోనే అరుదైన, తీవ్రమైన జబ్బులు రెండున్నాయి. ఒకటి ఏబీపీఏ: ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాల్లో ఆస్పర్జిల్లస్ తిష్ఠవేసి, దానిమీద శరీరం చేసే పోరాటమే ఊపిరితిత్తులను పాడుచేయడం. రెండోది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్: పీల్చిన బూజు వంటివాటి మీద అలర్జీతో ఊపిరితిత్తులు వాయడం. మన దేశంలోని 19 నగరాల నుంచి ఐఎల్‌డీ (ఊపిరితిత్తుల కణజాలం వాచి గట్టిపడే జబ్బులు) ఉన్న 1,084 మందిని నమోదు చేసి 2017లో ప్రచురించిన రిజిస్ట్రీలో దాదాపు 47 శాతం మందికి ఈ రెండో జబ్బే ఉందని తేల్చారు. వారిలో సగానికి దగ్గరగా ఎయిర్ కూలర్ వాడినవారే. ఆ శాతం మరీ ఎక్కువగా ఉందని ఛాతీ వైద్యుల్లో చర్చ జరిగిన మాట నిజమే, కానీ నెలల తరబడి కడగని కూలర్ ప్యాడ్ మీద బూజు పెరగడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. అనంతపురంలోనో కర్నూల్లోనో హాయిగా పనిచేసిన కూలర్‌ను చెన్నైకి తెచ్చి తలుపులు మూసిన గదిలో పెడితే గది చల్లబడదు, తేమ మాత్రం 85 శాతం దాటుతుంది.

ఇన్‌ఫెక్షన్ దారి ఆరోగ్యవంతులకు దాదాపు మూసే ఉంటుంది. కీమోథెరపీలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్నవారు జాగ్రత్తపడాలి. ఇక్కడే 2021 జ్ఞాపకాలు అడ్డొస్తాయి. ఆ మే నెలలో తెలంగాణ, తమిళనాడు నోటిఫై చేసిన ‘బ్లాక్ ఫంగస్’ మ్యూకోర్‌మైకోసిస్. ప్రధానంగా అదుపు తప్పిన షుగరు, కోవిడ్ చికిత్సలో స్టెరాయిడ్లు కలిసినప్పుడు వచ్చింది. అందులో నల్లబడేది చచ్చిపోయిన కణజాలం. గోడమీది నల్ల మచ్చకూ దానికీ రంగు పేరు తప్ప చుట్టరికం లేదు.

అసలు గొడవ మూడో దారి గురించే.

క్లీవ్‌ల్యాండ్‌లో మొదలైన భయం

స్టాకీబోట్రిస్ అనే నల్ల బూజు విషపూరితమని 1930ల నుంచీ తెలుసు. ఉక్రెయిన్ ప్రాంతంలో అది పట్టిన గడ్డి తిని గుర్రాలు చచ్చిపోయాయి. తిని, అన్నది ఇక్కడ ముఖ్యం. 1993–94లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో పది మంది పసిపిల్లలకు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. నీళ్లు చేరిన ఆ ఇళ్లలో స్టాకీబోట్రిస్ ఎక్కువగా కనిపించిందని తొలి నివేదికలు చెప్పాయి. టీవీలు ‘విషపు బూజు’ అన్నాయి, కోర్టుల్లో కోట్ల డాలర్ల కేసులు పడ్డాయి. 2000 మార్చిలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తన అధ్యయనాన్నే తిరిగి పరిశీలింపజేసి, నమూనాల సేకరణలోనూ లెక్కల్లోనూ లోపాలున్నాయనీ, సంబంధం రుజువు కాలేదనీ ప్రకటించింది. ఆ రెండో వార్త మొదటిదానంత దూరం వెళ్లలేదు.

పీల్చే మోతాదు లెక్క కూడా భయానికి అనుకూలంగా లేదు. స్టాకీబోట్రిస్ స్పోర్లు పెద్దవి, జిగట పట్టి ఉంటాయి. తడిగా ఉన్నంతసేపు గాలిలోకి తేలిగ్గా లేవవు. వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కాలేయాన్ని పాడుచేస్తుందన్నది తిండి ద్వారా జరిగే సంగతి. గోడనుంచి ఊపిరి ద్వారా అందే విషం దానికి సాటి వచ్చే మోతాదులో ఉంటుందని ఇళ్లలో ఎవరూ చూపలేదు. అయితే తోసిపుచ్చేవారి చేతులూ పూర్తి శుభ్రంగా లేవు. 2002లో అమెరికా వృత్తి వైద్యుల సంఘం ఏకోమ్ విడుదల చేసిన పత్రం రాసినవారు కోర్టు కేసుల్లో భవన యజమానుల పక్షాన నిపుణులుగా పనిచేసిన సంగతిని 2007లో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. ‘విషమని రుజువు కాలేదు’ అన్న వాక్యాన్ని ‘హాని లేదు’ అని చదివించడం అప్పటి నుంచీ బీమా కంపెనీలకు అలవాటైంది.

ఇక మూత్రంలో బూజు విషాలను కొలిచే పరీక్షలు. ఇవి నిర్ధారించిన పరీక్షలు కావని సీడీసీ 2015లో హెచ్చరించింది. వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి తినే ఎవరి మూత్రంలోనైనా ఆ ఆనవాళ్లు ఉండొచ్చు. అవి గోడవా, పచ్చడివా అని ఆ పరీక్ష చెప్పలేదు.

‘ఇంత దాటితే ప్రమాదం’ అనే అంకె ఎందుకు లేదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పోర్లకు పరిమితి పెట్టలేదు. అమెరికా పెట్టలేదు. మన దేశంలో బయటి గాలికి ఉన్న ప్రమాణాల్లోని 12 కాలుష్య కారకాల్లో బూజు లేదు. కారణం కొలతలోనే ఉంది. గాలి పరీక్షలో సాధారణంగా నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఐదు నిమిషాలు, అంటే 75 లీటర్ల గాలి తీస్తారు. ఫ్యాను వేసి ఉందా, అప్పుడే ఊడ్చారా, బయట వాన పడి వెలిసిందా అన్నదాన్ని బట్టి అదే గదిలో గంట తేడాలో సంఖ్య ఎన్నో రెట్లు మారుతుంది. ల్యాబులో పెంచి చూస్తే బతికున్నవే లెక్కకొస్తాయి, చచ్చిన స్పోర్లూ అలర్జీ తెప్పిస్తాయి. పైగా చెమ్మ ఇంట్లో బూజు ఒక్కటే ఉండదు: నలకంత దుమ్ము పురుగులు (డస్ట్ మైట్లు), బొద్దింకలు, బ్యాక్టీరియా అన్నీ కలిసే పెరుగుతాయి. జబ్బులో ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం.

చిత్రమేమిటంటే, అధ్యయనాల్లో జబ్బుతో ఎక్కువ సరిపోలింది యంత్రం ఇచ్చిన అంకె కాదు. కంటికి కనిపించే చెమ్మ, ముక్కుకు తగిలే ముక్కిపోయిన వాసన. దానికి తగ్గట్టే చికిత్స రుజువు కూడా చెమ్మ వైపు నుంచే వచ్చింది. అదే క్లీవ్‌ల్యాండ్‌లో 62 మంది ఉబ్బసం పిల్లలమీద 2006లో ప్రచురించిన ప్రయోగంలో, లీకులు ఆపి చెమ్మ బాగుచేసిన ఇళ్ల పిల్లలకు ఉబ్బసం బాధించిన రోజులు, ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిన అవసరం రెండూ తగ్గాయి.

చెన్నై గోడ వేరు

ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాలవి. అక్కడ బయట చలి, లోపల హీటర్. లోపలి తేమ చల్లని బయటి గోడ లోపలి వైపున నీరవుతుంది. కిటికీ తెరిస్తే పొడిగాలి వచ్చి ఆరుతుంది. చెన్నైలో ఇదంతా తలకిందులు. తేమ బయట ఉంది, చల్లని ఉపరితలం లోపల ఏసీ గదిలో ఉంది. ఏసీ ఆపగానే ‘గాలి ఆడనిద్దాం’ అని కిటికీలు బార్లా తెరిస్తే, ఇంకా చల్లగా ఉన్న గోడమీదికి తేమగాలిని పిలిచినట్టే.

ఒక లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. హాల్లో 31 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుందాం. ఆ గాలికి మంచుబిందు ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, అంటే అంతకంటే చల్లని దేనికి తగిలినా నీరవుతుంది. పక్క బెడ్‌రూమ్‌లో ఏసీ 20 దగ్గర నడుస్తోంది, మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. హాలు వైపు గోడ ఉపరితలం సుమారు 28 డిగ్రీలకు దిగుతుంది. చుక్క నీరు కనబడదు. కానీ గోడను ఆనుకుని ఉన్న పలుచని గాలిపొరలో తేమ 90 శాతానికి చేరుతుంది. చాలా రకాల బూజులు 80 శాతం దగ్గరే మొదలవుతాయి. అదే గోడకు హాలు వైపు నిండు వార్డ్‌రోబ్ ఆనించి ఉంటే హాలు వేడి గోడకు అందదు. అక్కడ ఉపరితలం 25 డిగ్రీల లోపుకు పడి నిజంగానే నీరు పడుతుంది. బూజు బీరువా వెనకే ఎందుకు మొదలవుతుందో దీంతో అర్థమవుతుంది. ఏసీని 26కు పెడితే, ఖాళీగా ఉన్న గోడ దగ్గర తేమ 80 శాతం చుట్టుపక్కల ఆగుతుంది. బీరువాను రెండు మూడు అంగుళాలు ముందుకు జరిపితే మిగతా పని గాలి చేస్తుంది.

గదికి మించిన టన్నేజీ ఉన్న ఏసీ ఇంకో తప్పు. పది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసే సమయం దానికి దొరకదు. గది చల్లగా ఉంటుంది, పరుపు మాత్రం తడి తగిలినట్టుంటుంది. ఉక్కపోత రోజుల్లో బాగా నడిచే ఏసీ గంటకు లీటరుకు పైగా నీరు బయటికి పంపాలి. డ్రెయిన్ గొట్టంలో జిగురు పేరుకుంటేనో, గోడలో పూడ్చిన గొట్టానికి వాలు లేకపోతేనో ఆ నీరే గోడలోకి దిగుతుంది.

పాత మద్రాసు ఇళ్లలో ఈ బెడద ఇంతగా లేకపోవడానికి గోడ కూడా కారణం. సున్నం గచ్చు తేమను పీల్చి వదులుతుంది, దాని క్షారగుణంలో బూజు బతకదు. సంక్రాంతికి కొట్టే సున్నం ఆ క్షారాన్ని ఏటా తాజా చేసేది. ఇప్పటి గోడకు పుట్టీ, దానిమీద ఎమల్షన్ పెయింటు. లోపలికి చేరిన నీటికి బయటికి దారి ఉండదు, పెయింటులోని పదార్థాలూ పేరుకున్న దుమ్మూ బూజుకు తిండి.

నీరు ఎటు నుంచి

ముందు అది బూజేనా అని చూడాలి. తెల్లటి పొడిలా రాలుతూ, నీటిచుక్క వేస్తే కరిగిపోయేది ఉప్పు. నల్లగా, పచ్చగా ఉండి, బ్లీచ్ చుక్క వేస్తే రెండు నిమిషాల్లో రంగు తగ్గేది బూజు. ఉప్పు ఊపిరికి ప్రమాదం కాదు, కానీ గోడలోంచి నీరు వస్తోందని చెబుతుంది.

తర్వాత ప్లాస్టిక్ పరీక్ష. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు పారదర్శక షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి ఒక రోజు వదలాలి. షీటుకు గది వైపు తడి ఉంటే తేమ గాలిలోది, దోషం ఏసీదో గాలి ఆడకపోవడానిదో. గోడ వైపు తడి ఉంటే లీకు. ఈ రెండింటికీ మందు వేరు. ఈ తేడా తెలియకుండానే వాటర్‌ప్రూఫింగ్‌కు వేలకు వేలు పోస్తుంటారు.

గది తేమ తెలియడానికి కొన్ని వందల రూపాయల డిజిటల్ హైగ్రోమీటర్ చాలు. సరిగా చూపుతోందో లేదో ఇంట్లోనే పరీక్షించొచ్చు: సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్ద అయ్యేంత నీరు చల్లి, మీటరుతో కలిపి గాలి చొరని కవరులో పన్నెండు గంటలు ఉంచితే 75 శాతం చూపాలి. ఎంత తేడా చూపితే అంత సవరించుకోవాలి. తేమను 60 శాతం లోపు ఉంచమని పుస్తకాలు చెబుతాయి. కిటికీలు తెరిచిన చెన్నై ఇంట్లో ఏడాదిలో చాలా రోజులు అది కుదిరే పని కాదు. ఏసీ లేని గదిలో గోడ కూడా గాలంత వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఫ్యాను తిరుగుతూ, బట్టలు లోపల ఆరేయకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది. ఒక వాయి బట్టలు ఆరేటప్పుడు లీటరు నుంచి రెండు లీటర్ల నీరు గదిలోకి వదులుతాయి.

లీకు అని తేలితే, అది ఎప్పుడు తడుస్తోందో గమనించడంలోనే సగం జవాబు ఉంటుంది. రాత్రింబవళ్లు ఒకేలా తడిగా ఉంటే నీళ్లొచ్చే పైపు. కుళాయిలన్నీ కట్టేసి మీటరు తిరుగుతోందో లేదో చూడాలి. స్నానాల తర్వాత పెరిగి మధ్యాహ్నానికి తగ్గితే పై ఫ్లాటు బాత్రూమ్. అక్కడ నహానీ ట్రాప్‌ను (నేలమీది నీళ్లు పోయే జాలీని) గట్టిగా మూసి, అంగుళం మేర నీరు నిలిపి 24 నుంచి 48 గంటలు చూడాలి. కింద తడి పెరగకపోతే ఫ్లోర్‌ను వదిలి షవర్ వైపు గోడను అనుమానించాలి. నేలనుంచి మూడడుగుల లోపు మాత్రమే, గ్రౌండ్ ఫ్లోర్‌లో మాత్రమే ఉంటే భూమిలోంచి ఎక్కుతున్న నెమ్ము.

డాబా లీకు అన్నింటికంటే ఎక్కువ మోసం చేస్తుంది. చెన్నై డాబాలమీద శ్లాబుకూ పెంకులకూ మధ్య ఇటుక ముక్కల సున్నపు పొర ఉంటుంది. పెంకుల సందుల్లోంచో, పిట్టగోడ మూల పగులులోంచో దిగిన నీరు ఆ పొరలో నిలిచి, వాన ఆగాక కూడా రోజుల తరబడి కారుతూనే ఉంటుంది. ‘వాన లేదుగా, కాబట్టి పైపే’ అని బాత్రూమ్ పగలగొట్టించుకున్నాక అసలు దొంగ బయటపడుతుంది.

కడిగేటప్పుడు జరిగే పొరపాట్లు

మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపు మచ్చను ఇంట్లోవాళ్లే కడుక్కోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ సూచన. ఉబ్బసం ఉన్న మనిషి ఆ పని చేయకూడదు. ఎన్95 మాస్కు, గ్లౌజులు, కళ్లజోడు పెట్టుకుని, ఫ్యాను, ఏసీ కట్టేసి, డిటర్జెంటు నీళ్లతో తడిపి తుడవాలి. పొడి బ్రష్షుతో గీకితే గోడమీద ఉన్నదంతా గాలిలోకి లేస్తుంది. బ్లీచ్ వాడితే దాదాపు నాలుగు లీటర్ల నీటికి పావు లీటరు మించకూడదు. అది నున్నటి టైల్స్‌మీద పనిచేస్తుంది, ప్లాస్టరు లోతులకు దిగదు. టాయిలెట్ యాసిడ్‌తో బ్లీచ్‌ను ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. బాత్రూమ్‌లో తలుపు వేసుకుని ఈ రెండూ కలిపితే బూజు చేయలేని హాని అది నిమిషాల్లో చేస్తుంది.

తడిసి బూజు పట్టిన పార్టికల్ బోర్డు, జిప్సం సీలింగు, పరుపు బాగుపడవు, పారేయాల్సిందే. తడిసినవాటిని 24 నుంచి 48 గంటల్లో ఆరబెడితే బూజు మొదలవదు. కానీ 2015 డిసెంబరులోనో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనో నీళ్లు నిలిచిన ఇళ్లకు ఆ గడువు దొరకదు. నీటి గీతకు పైన కూడా గోడ చెమ్మ పీల్చి ఉంటుంది. అంగుళం మందానికి నెల అని మేస్త్రీల లెక్క. వరద దిగిన నెలకే పుట్టీ, పెయింటు వేయిస్తే అది ఉబ్బడం ఖాయం. లోపలి వైపు పూసే డ్యాంప్‌ప్రూఫ్ కోటింగులదీ అదే కథ: పూసినచోట ఆగిన నీరు అంచుల దగ్గర బయటపడుతుంది.

డాక్టరు దగ్గర అడగాల్సింది

ఇంట్లో ఉన్నప్పుడు పెరిగి, వారం ఊరెళ్తే తగ్గే దగ్గు, పిల్లికూతల గురించి ఆ మాట విడిగా చెప్పాలి. అలర్జీకి చర్మ పరీక్ష గానీ, ఆస్పర్జిల్లస్‌కు విడిగా చేసే ఐజీఈ (అలర్జీలో పెరిగే ప్రతిరక్షకం) రక్తపరీక్ష గానీ ఉపయోగం. ఐజీజీ అనే మరో ప్రతిరక్షకం పెరిగి ఉంటే బూజు తగిలిందని తప్ప జబ్బు చేసిందని కాదు. ఇన్‌హేలర్‌తో లొంగని ఉబ్బసంలో ఏబీపీఏ కోసం వెతుకుతారు. 2024లో సవరించిన అంతర్జాతీయ ప్రమాణాల్లో మొత్తం ఐజీఈ హద్దును 1000 నుంచి 500కు తగ్గించారు కాబట్టి, పాత రిపోర్టులో 700 చూసి ‘ఫరవాలేదు’ అనిపించుకున్నవారు ఇంకోసారి చూపించుకోవడం మంచిది.

బాగుచేయాల్సింది ఎవరు

ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో బూజు పట్టిన అద్దె ఇంట్లో ఉన్న రెండేళ్ల అవాబ్ ఇషాక్ 2020 డిసెంబరులో చనిపోయాడు. ఆ ఇంటి బూజే కారణమని 2022లో కరోనర్ (మరణ కారణాన్ని విచారించే అధికారి) తేల్చాక, అతని పేరుమీద వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి అక్కడి సామాజిక గృహాల్లో అమలవుతున్నాయి. అత్యవసరమైతే 24 గంటల్లో, లేకుంటే పది పనిదినాల్లో తనిఖీ, ఆపై ఐదు పనిదినాల్లో ఇల్లు సురక్షితం చేయాలి.

ఇక్కడ బూజు పేరుతో చట్టం లేదు, లీకు పేరుతో ఉంది. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలోని 14(3) సెక్షన్ ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడి చెబితే ప్రమోటర్ (బిల్డర్) 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అద్దె ఇళ్లకు తమిళనాడు 2017 చట్టం ఉంది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే కట్టడం మరమ్మతు, పైపులు మార్చడం, సున్నం వేయించడం ఓనర్ బాధ్యత, కుళాయి వాషర్లు, డ్రెయిన్ శుభ్రం అద్దెదారు బాధ్యత. ఏ దారిలో వెళ్లినా ‘బూజు పట్టింది’ అని రాస్తే ‘మీరే కిటికీలు తెరవలేదు’ అన్న జవాబు వస్తుంది. గోడ వైపు తడిసిన ప్లాస్టిక్ షీటు ఫొటో తేదీతో సహా, హైగ్రోమీటర్ అంకెలు, నహానీ ట్రాప్ పరీక్ష ఫలితం జతచేసి ‘నీరు కారుతోంది’ అని రాస్తే ఆ జవాబు చెల్లదు. ఐదేళ్లు దాటిన అపార్ట్‌మెంట్లలో డాబా, బయటి గోడల ఖర్చు అసోసియేషన్‌ది, పై ఫ్లాటు లోపలి పైపుల ఖర్చు ఆ ఓనర్‌ది. ఇటుక ముక్కల పొరలో నిలిచిన నీటి సంగతి తేల్చకుండా ఈ పంచాయితీ మొదలుపెడితే, కాదనడానికి ఇద్దరికీ వీలుంటుంది.